గుడ్డ ఎక్కడిదైనా ముడి వాళ్ళదే

మూడేళ్ళ క్రితం హ్యూస్టన్‌లో, నాతోపాటు పనిచేసే ఒక నైజీరియా అమ్మాయి వాళ్ళ అమ్మగారి షష్టిపూర్తికి నన్ను పిలిచింది. షష్టిపూర్తి అన్న మాట నాది. వాళ్ళు అరవయ్యో పుట్టినరోజు అనే అంటారు గాని, ఆ హంగును, ఆ బంధుబలగాన్ని, నాట్యం చేస్తున్న పెద్దావిడ మీద అక్షింతలు వేసినట్టుగా డాలరు నోట్లు చల్లడాన్ని చూసిన తరువాత నాకు మరో మాట తోచలేదు. వాళ్ళు యోరుబాలు. నైజీరియా నైరుతి భాగం వాళ్ళ సీమ. ఇలాంటి పెద్ద వేడుకను వాళ్ళు ఒవాంబె అంటారు.

హాలు పక్కనున్న చిన్న గదిలో అద్దం ముందు ఒక కుర్చీ వేసి ఉంది. తలకట్లు కట్టడమే వృత్తిగా చేసుకున్న ఒకావిడ, వచ్చినవాళ్ళను వరసగా కూర్చోబెట్టి గెలె కడుతోంది. యోరుబా స్త్రీలు వేడుకలలో కట్టుకునే తలకట్టు పేరు గెలె. (మొదటిసారి విన్నప్పుడు నాకు అరటిగెల గుర్తుకొచ్చింది, కట్టడం పూర్తయ్యాక చూస్తే ఆ పోలిక మరీ దూరపుదేమీ కాదనిపించింది.) రెండు గజాల పొడవున్న బిరుసైన గుడ్డను తీసుకొని, ఒక అంచును బెత్తెడు వెడల్పున మడిచి, కనుబొమలకు కాస్త పైన ఆనించి, రెండు కొసలను వెనక్కి లాగి, ఒకదాని మీదుగా మరొకదాన్ని దాటించి బిగించిన తరువాత, నుదుటి మీద మిగిలిన గుడ్డను వేళ్ళతో పొరలు పొరలుగా దిద్దుతుంది. ఆ దిద్దడం చూస్తుంటే నాకు చీర కుచ్చెళ్ళు పోస్తున్న మా పెద్దమ్మ చేతులు కళ్ళముందు మెదిలాయి. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ చెప్పింది ఒకే ఒక్క మాట: తల కదపవద్దని. గంజి పెట్టి ఆరవేసిన పంచెను విప్పేటప్పుడు వచ్చే చప్పుడు నా చెవుల పక్కనే వినిపించింది. అయిదారు నిమిషాలలో నేను జానెడున్నర ఎత్తు పెరిగాను.

మర్యాద కోసం నేను ఆ పెద్దావిడతో, "ఆంటీ, ఎంత ప్రాచీనమైన సంప్రదాయం మీది!" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. ఒంటి మీది లేసు రవిక ఆస్ట్రియాలో తయారైందట. తల మీది గుడ్డను లాగోస్‌లోని బలోగున్ మార్కెట్‌లో కొన్నారట గాని, అది ఏ దేశపు మరమగ్గం మీద నేసినదో ఆవిడకు తెలియదట, తెలుసుకోవాలని ఎన్నడూ అనిపించలేదట. ఆ నవ్వు నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. ఈ వ్యాసం దాని చుట్టూ తిరిగినదే.

ఆఫ్రికా స్త్రీల తలకట్టు గురించి రెండు రకాల మాటలు తరచుగా వినిపిస్తాయి. మొదటిది ఫ్యాషన్ పత్రికల మాట: తలకట్టు అంటే కిరీటం, అనాదిగా చెక్కుచెదరని ఆఫ్రికా ఆత్మ, దాన్ని కట్టుకుంటే చాలు మూలాలు దక్కినట్టే. రెండవది కాస్త చదువుకున్నవాళ్ళు పెదవి విరుస్తూ అనే మాట: ఆ గుడ్డలో ఆఫ్రికాది ఏమీ లేదు, పైగా అది ఒకప్పుడు బానిసల నెత్తిన రుద్దినది, దాన్ని పట్టుకొని ఆత్మగౌరవం అనడం ఆత్మవంచన. ఈ రెండు మాటలూ చూడవలసిన చోట చూడడం లేదని నా అభిప్రాయం. ఇద్దరి దృష్టీ గుడ్డ మీదనే ఉంది. ముడిని ఎవరూ చూడడం లేదు.

గుడ్డ సంగతే ముందు తేల్చుకుందాం. యోరుబాలకు సొంత నేత లేదని కాదు. అషో ఓకె అని పిలిచే వాళ్ళ చేనేత బట్టకు ఓయో రాష్ట్రంలోని ఇసెయిన్ పట్టణం పెట్టింది పేరు. అక్కడి మగ్గం మీద దిగేది బెత్తెడు వెడల్పున్న పొడవాటి పట్టీ. అలాంటి పట్టీలను పక్కపక్కన పెట్టి కుట్టి నిండు గుడ్డ చేస్తారు. మూడు రకాలకు ఎక్కువ గౌరవం. అడవి పట్టుపురుగు గూళ్ళ నుంచి తీసిన నూలుతో నేసే లేత గోధుమరంగు సన్యాన్, ముదురు ఎరుపు అలారి, రాత్రి ఆకాశంలా కనిపించే నీలిమందు రంగు ఎటు. పెళ్ళిలో, పట్టం కట్టేటప్పుడు, పెద్దవాళ్ళ అంత్యక్రియలలో ఇవి ఉండవలసిందే. నడుముకు ఇరొ, పైన బూబా, భుజం మీద ఒక ఉత్తరీయం, తలకు గెలె కలిస్తేనే యోరుబా స్త్రీకి నిండు వేషం.

అయితే గెలెగా మారిన గుడ్డ ఇదొక్కటే కాదు. ఆస్ట్రియాలోని ఫోరార్ల్‌బర్గ్ ప్రాంతపు లేసు మిల్లులు 1960ల నుంచి నైజీరియా వేడుకలనే నమ్ముకొని నడిచాయి. ప్రపంచమంతా ఆఫ్రికా బట్ట అనుకునే ఆ రంగురంగుల మైనపు అద్దకం బట్టకు మూలం జావా దీవి బాతిక్. దాన్ని యంత్రాల మీద అచ్చొత్తి పశ్చిమాఫ్రికాలో అమ్మినది డచ్చివాళ్ళు. వాళ్ళలో పేరుమోసిన వ్లిస్కో కంపెనీ 1846లో నెదర్లాండ్స్‌లోని హెల్మండ్‌లో మొదలైంది.

ఆ జాబితాలో మన పేరు కూడా ఉంది.

మా అమ్మమ్మ వాళ్ళది పేరాల. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. తాతయ్య నాడె ఆడిస్తుంటే ఆవిడ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదట. ఎరుపు, నీలం, తెలుపు గళ్ళతో దిగే ఆ బట్టను వాళ్ళు రుమాళ్ళు అనేవాళ్ళు. వ్యాపారంలో దాని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. చిన్నప్పుడు నేను, "ఇంత పెద్ద రుమాలు ఎవరు కట్టుకుంటారు అమ్మమ్మా?" అని అడిగితే, "ఎవరో ఆఫ్రికా వాళ్ళటే" అని ఊరుకుంది. ఆవిడకు తెలిసింది అంతే. ఆ బట్ట నైజర్ నది డెల్టాలోని కలబరి ప్రజలకు ఇంజిరి అయింది. పుట్టిన బిడ్డను అందులో చుడతారు, పోయినవాళ్ళను పడుకోబెట్టే గది గోడలకు దాన్నే కడతారు. పేరుకు రుమాలే గాని వాళ్ళు దాన్ని ఎక్కువగా చుట్టుకునేది నడుముకు. అంతటితో ఊరుకోలేదు. కలబరి స్త్రీలు చిన్న కత్తితో ఆ గళ్ళలోని దారాలను ఎంచి ఎంచి కోసి, లాగేసి, నేతగాడు కలలోనైనా అనుకోని కొత్త నమూనాను తేల్చుతారు. దాన్ని పెలెతె బితె అంటారు, అంటే దారాలు కోసిన బట్ట అని. ఒక్కొక్క పోగూ లెక్కపెట్టి నేసిన మా తాతయ్యకు ఆ సంగతి తెలిస్తే గుండె ఆగేదేమో! నాకు మాత్రం ఆ కోత ఈ వాదానికంతటికీ దొరికిన గట్టి సాక్ష్యం. కొన్న బట్టను అలాగే వాడుకుంటే అది చీరాల బట్ట. దారం కోసిన క్షణం నుంచి అది కలబరి బట్ట.

ఈ సంబంధాన్ని తలచుకొని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. 17, 18 శతాబ్దాలలో మచిలీపట్నం మొదలుకొని కోరమండల్ తీరం పొడవునా నేసిన గళ్ళ బట్టలు, నీలి బట్టలు యూరప్ కంపెనీల ఓడలెక్కి, అక్కడి వేలంపాటలు దాటి, పశ్చిమాఫ్రికా తీరం చేరేవి. గినీ బట్ట అని వాటికి పేరే పడిపోయింది. అక్కడ మనుషులను కొనడానికి ఇచ్చే సరుకులో అవి ముఖ్యమైనవి. మన నేతగాడికి ఆ సంగతి తెలియదు, అతనికి దక్కినదీ గంజి మెతుకులే. అయినా అతని చేతి బట్ట ఏ తూకంలో పడిందో మనం మరచిపోకూడదు. ఆ కొనుగోలులో అమ్ముడుపోయిన స్త్రీల మనుమరాళ్ళే అట్లాంటిక్ అవతలి ఒడ్డున అదే మద్రాసు గళ్ళ గుడ్డను తలకు చుట్టుకున్నారు.

ఇక్కడే లూసియానా కథ చెప్పాలి. 1786లో ఆ ప్రాంతం స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. న్యూ ఆర్లియన్స్‌లో స్వేచ్ఛ పొందిన నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు కొందరు మంచి బట్టలు కట్టి, జుట్టును ఈకలతో, నగలతో అలంకరించుకొని బయటికి వచ్చేవాళ్ళు. వాళ్ళను చూసి తెల్లవాళ్ళ ఇళ్ళలో కళ్ళు కుట్టాయి. గవర్నరు ఎస్తెబాన్ మీరో ఆ ఏడాది జూన్ 2న ఒక ఉత్తర్వు వేశాడు: ఈ స్త్రీలు జుట్టులో ఈకలు, నగలు పెట్టుకోరాదు, జుట్టును గుడ్డతో కప్పుకోవాలి. టిన్యోన్ అని పిలిచే ఆ గుడ్డ వాళ్ళను పొలాలలో పనిచేసే బానిస స్త్రీల వరసలో నిలబెడుతుందని అతని ఆలోచన. వాళ్ళు ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించారు. ఖరీదైన మద్రాసు గుడ్డలు ఏరి తెచ్చి, ఎత్తుగా, వంకీలు తిప్పి కట్టి, తల కప్పుకున్నారు. కప్పుకోమన్న చట్టం ఎలా కట్టుకోవాలో చెప్పడం మరచిపోయింది. ఆ కట్టును తరువాత తెల్ల దొరసానులే అనుకరించారు. 1803లో ఆ నేల అమెరికా చేతికి వచ్చి, స్పెయిన్ గవర్నరు మాట చెల్లకుండా పోయిన తరువాత కూడా ఆ స్త్రీలు టిన్యోన్‌ను విడిచిపెట్టలేదు.

ఈ కథను చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ చప్పట్లు కొట్టి ముగిస్తారు. నాకు కొంత సంకోచం ఉంది. అవమానించడానికి వేసిన ఉత్తర్వును అందంగా మార్చుకోవడం గెలుపే, కాని జుట్టు విప్పుకొని నడిచే హక్కు పోయింది కదా. సంకెళ్ళకు మెరుగు పెట్టుకున్నంత మాత్రాన అవి కడియాలు అయిపోవు. అలాగని ఆ మెరుగు పెట్టిన చేతిని తక్కువ చేయడమూ న్యాయం కాదు. ఆ స్త్రీలకు మిగిలినది రెండు గజాల గుడ్డ, పది వేళ్ళు. వాటితో చేయగలిగినదంతా చేశారు.

కరీబియన్ దీవులలో ఆ గుడ్డకు ఏకంగా ఒక భాషే పుట్టింది. మార్టినిక్, గ్వాడలూప్, సెయింట్ లూసియా వంటి చోట్ల మద్రాసు గళ్ళ తలకట్టుకు పైన నిలిచే కొసలను లెక్కపెట్టి చదువుతారు. ఒక కొస ఉంటే ఆమె మనసు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని, రెండుంటే ఇచ్చేసిందని, మూడుంటే పెళ్ళయిందని అర్థం. నాలుగు కొసలకు చెప్పే అర్థం మరీ కొంటెగా ఉంటుంది: చోటుంది, ప్రయత్నించి చూడవచ్చునని! దీవికీ దీవికీ ఈ లెక్క కొంచెం మారుతుంది. చీరాల, మద్రాసు ప్రాంతాల బట్ట ఇప్పుడు అక్కడి జాతీయ వేషంలో భాగం. మద్రాస్ అన్నది వాళ్ళకు నగరం పేరు కాదు, ఆ బట్ట పేరు.

అమెరికా నేల మీద జరిగినది ఇంకొక వింత. అక్కడి దక్షిణాది రాష్ట్రాలలో బానిసలు ఏ బట్ట కట్టాలో చట్టాలే చెప్పేవి; దక్షిణ కరొలైనాలో 1735 నాటికే ముతక రకాల పట్టిక రాసిపెట్టారు. తలగుడ్డ కట్టిన లావుపాటి నల్ల వంటమనిషి బొమ్మ ఆ కాలం పోయిన తరువాత కూడా వ్యాపారానికి పనికివచ్చింది. ఆంట్ జెమైమా అన్న పేరుతో 1889లో వచ్చిన దోసెపిండి డబ్బా మీద వందేళ్ళపాటు ఆవిడ తలగుడ్డతోనే నవ్వింది. 1989లో ఆ బొమ్మకు గౌరవం కలిగించాలని నిర్ణయించి, తలగుడ్డ తీసేసి చెవులకు ముత్యాలు పెట్టారు. అప్పటికి ఇరవై ఏళ్ళుగా, పౌరహక్కుల పోరాటం, నల్లవారి ఆత్మగౌరవ ఉద్యమాల వేడిలో పెరిగిన యువతులు తమంతట తాముగా తలకట్టు కట్టుకొని వీధుల్లోకి వస్తూనే ఉన్నారు. ఒకచోట గౌరవం కోసం గుడ్డ విప్పారు, మరొకచోట గౌరవం కోసమే గుడ్డ కట్టారు. గుడ్డలోనే గౌరవమో అవమానమో ఉండి ఉంటే ఈ రెండూ ఒకేసారి సాధ్యమయ్యేవి కావు.

నా వాదానికి అన్నిటికంటే కష్టమైన చోటు దక్షిణాఫ్రికా. అక్కడి తలకట్టును అందరూ డూక్ అంటారు. అది ఆఫ్రికాన్స్ మాట, అంటే తెల్ల యజమానుల భాషది. ఖోసా కుటుంబాలలో కొత్త కోడలు, మకోటి, అత్తవారింట డూక్‌ను నుదుటి మీదకు బాగా దించి కట్టుకోవాలి. అది పెద్దలకు చూపే మర్యాద. మామగారి ఎదుట తల మీద కొంగు కప్పుకోవలసిన ఇళ్ళను చూసినవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. జాతివివక్ష పాలన సాగిన రోజులలో తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసే స్త్రీల వేషంలోనూ డూక్ ఒక భాగం. అంటే ఒకే గుడ్డ అటు అత్తవారింట అణకువకు, ఇటు దొరసాని ఇంట ఊడిగానికి గుర్తు. ఇందులో అతిశయం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను తడుముకోవలసిందే.

కాని 2016లో అక్కడ ఒక టీవీ ఛానల్ తన విలేఖరి డూక్ కట్టుకొని కనిపించిందన్న కారణంగా ఆమె వార్తాకథనాన్ని ప్రసారం చేయకుండా ఆపినప్పుడు, మిగిలిన వార్తాసంస్థలలో పనిచేసే స్త్రీలు మరునాటి నుంచి డూక్‌లు కట్టుకొని పనికి వచ్చారు. ఇంట్లో పనిమనిషికి తప్పనిసరి అయిన గుడ్డ తెర మీద విలేఖరికి నిషిద్ధం ఎందుకయింది అన్నదే వాళ్ళు లేవనెత్తిన ప్రశ్న. 2018 ఏప్రిల్ 2న జాతివివక్షతో పోరాడిన నాయకురాలు విన్నీ మదికిజేలా మండేలా మరణించినప్పుడు స్త్రీలు నల్లబట్టలు వేసుకొని, డూక్ కట్టుకొని ఆమెకు నివాళి పట్టారు. వాళ్ళలో ఎందరి తల్లులు పరాయి వంటిళ్ళలో అదే గుడ్డ కట్టుకొని గిన్నెలు తోమి ఉంటారు! నా దృష్టిలో డూక్ చరిత్రలో పనిమనిషి భాగాన్ని దాచిపెట్టి కిరీటం అని మాత్రమే చెప్పడం ఆ తల్లులకు చేసే అపచారం. అతిశయానికి అర్హత వాళ్ళ వల్లనే వచ్చింది.

ఇంకొక స్త్రీని గురించి చెప్పకుండా ఉండలేను. ఫున్మిలాయో రాన్సమ్ కుటి నైజీరియాలోని అబెయొకుటా పట్టణంలో బడిపంతులమ్మ, ఇంగ్లండులో చదువుకున్నది. సంతలో కూరలు, బియ్యం అమ్ముకునే స్త్రీలను, చదువుకున్న ఇల్లాళ్ళను ఒక్క సంఘంగా కూర్చేటప్పుడు, తన గౌను వాళ్ళకూ తనకూ మధ్య అడ్డుగోడ అవుతోందని గ్రహించి, 1940ల నుంచి యోరుబా వేషంలోకి మారిపోయింది. అధికారులతో సైతం యోరుబాలోనే మాట్లాడేది. బ్రిటిష్ వాళ్ళ అండతో పట్టణాన్ని ఏలుతున్న రాజు స్త్రీల మీద వేసిన పన్నుకు వ్యతిరేకంగా వేలమంది ఆయన కోట ముందు బైఠాయించారు. 1949 జనవరిలో ఆయన గద్దె దిగవలసి వచ్చింది. ఇది చదువుతున్నప్పుడు నాకు 1921లో మునిసిపల్ పన్ను కట్టబోమంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఊరే ఖాళీ చేసి, పదకొండు నెలలు రామనగరు పాకలలో గడిపిన చీరాల పేరాల జనం గుర్తుకువచ్చారు. ఆ జనంలో రుమాళ్ళు నేసే కుటుంబాలు తప్పక ఉండి ఉంటాయి. మా అమ్మమ్మ వైపు వాళ్ళు అందులో ఉన్నారని చెప్పుకోవాలని నాకు ఎంత ఆశగా ఉన్నా, ఇంట్లో ఎవరూ ఆ మాట చెప్పగా వినలేదు.

ఫున్మిలాయో కట్టుకున్నది ఫ్యాషనా, రాజకీయమా? ఆ రెంటినీ విడదీయాలన్న తొందర మనకే గాని వాళ్ళకు లేదు. 1960లో నైజీరియా స్వతంత్రమయ్యాక లాగోస్‌లో మేడల మీద మేడలు లేస్తుంటే, స్త్రీల తలకట్లూ వాటితో పోటీపడి లేచాయి. అలా నిటారుగా నిలిచే ఒక కట్టుకు ఒనిలె గొగొరొ అని పేరు, ఎత్తైన ఇల్లు గలది అని అర్థం. ఆ కాలపు జుట్టుముడులను, తలకట్లను 1968 నుంచి ఓపికగా ఫొటోలు తీసిన జె. డి. ఒఖాయ్ ఒజెకెరె అనే ఛాయాచిత్రకారుడు, చాలాసార్లు ఆ స్త్రీలను వెనకనుంచి తీశాడు. ముఖం కనిపించదు, ముడి కనిపిస్తుంది. ఆయనకు నాకంటే చాలా ముందే ఈ సంగతి తెలుసు.

తలకు ఇంత మన్నన ఎందుకో యోరుబాల నమ్మకంలో ఒక సమాధానం ఉంది. ఒరి అంటే తల. మనిషి అదృష్టానికి అదే ఆసనం. పుట్టకముందు ప్రతి ప్రాణీ అజాలా అనే కుమ్మరి దగ్గరకు వెళ్ళి, అతను చేసిపెట్టిన తలలలో ఒకదాన్ని ఎంచుకొని లోకంలోకి వస్తుందట. కొన్ని బాగా కాలినవి, కొన్ని పచ్చివి. పైకి చూసి చెప్పలేము. మనమూ తలరాత అంటాము గాని, అది మరొకరు రాసిపెట్టినది. వాళ్ళది తాము ఎంచుకున్న తల. ఎంచుకున్నదాన్ని అలంకరించుకోవాలన్న ముచ్చట ఎంచుకున్నవాళ్ళకే ఉంటుంది కాబోలు.

ఈ అతిశయానికి ఖర్చు లేదని నేను చెప్పబోవడం లేదు. అషో ఎబీ అనే ఆచారం ఉంది: వేడుక జరిపే కుటుంబం ఒక బట్టను ఎంచి, దాన్ని కొని కుట్టించుకొని రమ్మని చుట్టాలకు, స్నేహితులకు చెబుతుంది. ఆడవాళ్ళకు దానికి తగ్గ గెలె కూడా ఉంటుంది. హాలు నిండా ఒకే రంగు తలకట్లు కదులుతుంటే పూచిన తోటలా ఉంటుందన్నది నిజమే. నెలకు మూడు పెళ్ళిళ్ళు తగిలితే జీతమంతా బట్టల కొట్టుకే పోతుందన్నదీ అంతే నిజం. కొనలేనివాళ్ళు హాలులో వేరే రంగులో విడిగా కనబడిపోతారు. నా మిత్రురాలే ఆ మాట చెప్పి నిట్టూర్చింది. అందరినీ ఒకటి చేసే బట్టే కొందరిని వేరుచేస్తుందన్న ఫిర్యాదును అతిశయం పేరిట కొట్టిపారేయకూడదు.

ఇప్పుడు ఆటోగెలె వచ్చింది. ముందే కట్టి, కుట్టి, వెనక బిగించుకోవడానికి పట్టీ పెట్టి అమ్ముతారు. టోపీలా తలకు తగిలించుకుంటే సరి. ముడే ప్రాణమని ఇంతసేపు చెబుతూ వచ్చినదాన్ని కాబట్టి నేను దీన్ని తిట్టాలి. తిట్టలేకపోతున్నాను. కుచ్చెళ్ళు కుట్టేసిన రెడీమేడ్ చీరను నేను రెండుసార్లు కట్టాను, ఆఫీసు వేడుకలకు, సమయం లేక. అయినా ఆ రెండుసార్లూ ఎవరైనా చీర బాగుందంటే సిగ్గేసింది. యోరుబాలలో ఒక సామెత ఉంది: గెలె బాగుండడం కంటే కట్టడం తెలియడం మేలు, కట్టడం తెలియడం కంటే కట్టినది నప్పడం మేలు. సామెత గుడ్డను అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చోబెట్టింది. ఆటోగెలె ఆ మధ్య మెట్టును ఎగరేసి దూకుతుంది. పడితే ఎవరికీ దెబ్బ తగలదు గాని, మెట్టు ఒకటి తగ్గిందన్నది మాత్రం వాస్తవం.

ఎన్‌గోజి ఒకోంజో ఇవెయాలా 2021 మార్చిలో ప్రపంచ వాణిజ్య సంస్థ అధిపతిగా బాధ్యత తీసుకున్నప్పుడు, ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ, మొదటి ఆఫ్రికా వ్యక్తి ఆమె. జెనీవాలో ముదురు రంగు సూట్ల మధ్య ఆమె అచ్చుబట్ట తలకట్టును ఎంత దూరంనుంచైనా గుర్తుపట్టవచ్చు. వేడుకల గెలెలా అది ఆకాశానికి లేవదు. చిన్నది, పొందికైనది, రోజూ కట్టుకునేది. దేశాల మధ్య సరుకుల రాకపోకల తగవులు తీర్చే సంస్థ ఆమెది. జావా నమూనా, డచ్చి మిల్లు, లాగోస్ బజారు అన్నీ కలిసిన గుడ్డ ఆ కుర్చీలో కూర్చున్న తల మీద ఉండడం చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. గుడ్డ చరిత్ర తెలిసినవాళ్ళు ఆమెను నకిలీ అంటారా? అనాలంటే ముందు ఇటలీవాడి టమాటాను, గుంటూరు మిరపను కూడా అనాలి.

మన దగ్గర తలకు చుట్టిన గుడ్డ మగవాడిదైతే తలపాగా. పరువంతా అందులోనే ఉంటుంది. ఎవడైనా ఒకచోట ఆధిపత్యం సంపాదిస్తే పాగా వేశాడంటాము. ఆడదానిదైతే అది తలగుడ్డ, ఎండలో మిరపకాయలు కోసేటప్పుడు చుట్టుకునేది, ఊళ్ళోకి రాగానే విప్పేసేది. పుట్టపాకలో, చీరాలలో నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టిన నూలుతో నేసిన తేలియా రుమాలు అరబ్బు దేశాల మగవాళ్ళ తలలకు చేరిందే గాని, దాన్ని నేయడానికి పగలంతా ఆసు పోసిన ఆడవాళ్ళ తలకు ఎప్పుడైనా చేరిందా? యోరుబా స్త్రీ గెలె కట్టుకొని నడిచేటప్పుడు మెడ నిలబెట్టే తీరు చూస్తే నాకు అసూయగా ఉంటుంది. మెడ వంచితే జారిపోతుంది కనుక వంచరు. ఆ గుడ్డ వాళ్ళకు తల దించుకొని నడవడం కుదరనివ్వదు.

ఆ రోజు హాలులో భోజనాల వేళకు నా గెలె జారింది. మెడ ఎలా నిలపాలో తెలియకపోవడం, నవ్వినప్పుడల్లా తల వెనక్కి వాల్చే అలవాటు నాకు ఉండడం దానికి కారణాలు. చేతులు కడుక్కునే చోట అద్దంలో చూసుకుంటూ సర్దబోతుంటే, ఎన్నడూ చూడని ఒక పెద్దావిడ వెనకనుంచి వచ్చి, నన్ను అడగనైనా అడగకుండా ముడి విప్పేసింది. గుడ్డను దులిపి, మడిచి, నుదుటికి ఆనించి, కళ్ళవెంట నీళ్ళు తిరిగేంత బిగువుగా లాగి కట్టింది. నొప్పి పెడుతోందని అన్నాను. నొప్పి పెట్టకపోతే మళ్ళీ జారుతుందని చెప్పి, నా గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకెత్తి, తలుపు వైపు తోసింది.